నడుం కదపని మనిషి

చర్రుమని చప్పుడైంది. అంటే కుడి తొడకి పట్టీ బిగించారన్నమాట. చౌడయ్యకి తన కాళ్ళ సంగతులన్నీ ఇప్పుడు చెవుల ద్వారానే తెలుస్తున్నాయి. ఇంకో చర్రు, అది మోకాలి కింద. ఇంకొకటి మడమ దగ్గరో, పాదం మీదో, చూస్తేగాని చెప్పలేడు, చూడబుద్ధి కాలేదు. కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు. కిటికీలోంచి బందరు కాలవ, దాని మీద వంతెన, వంతెన మీద ఒకదాన్నొకటి తోసుకుంటూ బస్సులూ ఆటోలూ, అన్నిటికిందా చక్రాలే. చక్రాల మీద పోవడంలో అంత సిగ్గుపడాల్సిందేముంది, బెజవాడ బెజవాడంతా చక్రాల మీదే పోతోంది కదా అని మనసుకి చెప్పుకున్నాడు. మనసు వినలేదు. వాళ్ళు దిగుతారు, దిగి నడుచుకుంటూ పోతారు, అదీ తేడా అంది. ఇంకో చర్రు.

"నొప్పేమన్నా ఉంటే చెప్పండి చౌడయ్యగారూ," అంది సాయిశ్రీ, ఫిజియోథెరపీ పిల్ల. నొప్పా! ఆ కాళ్ళలో ఒక్కసారి నొప్పి పుడితే కొండెక్కి పానకాలస్వామికి బిందెడు పానకం పోయించడూ! ఆమాట పైకనలేదు. మంచి పిల్ల, చెమటలు కక్కుతూ కింద కూర్చుని తన పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని బిగిస్తోంది, పరాయి ఆడపిల్ల ఒళ్ళో కాలు పెట్టి కూర్చోవలసొచ్చిందే అని మొదటిరోజు చచ్చిపోయినంత పనైంది, ఇప్పుడు అదీ అలవాటైపోయింది, ఏది అలవాటు కాదు గనక. పక్కనే ఇంజినీరు కుర్రాడు జయకృష్ణ చేతిలో పలకలాంటిది పట్టుకుని దానిలో ఏవో గీతలు పైకీ కిందకీ జరుపుతున్నాడు. వాళ్ళు దీన్ని సూట్ అంటారు. చౌడయ్య లోపల్లోపల ఇనప లాగు అనుకుంటాడు. తుంటి దగ్గర రెండు మోటార్లు, మోకాళ్ళ దగ్గర రెండు, వీపున బ్యాటరీ, పాదాల కింద రేకులు. ఇప్పటికి రెండుసార్లు కట్టారు, రెండుసార్లూ అది అతన్ని లేపి నిలబెట్టింది గాని, అడుగు మాత్రం పడలేదు. ఇవాళ మూడోది, ఆఖరుది. ఇవాళా పడకపోతే అతని పేరు తీసేసి వరసలో వెనకున్న వాళ్ళని పిలుస్తారు. తప్పు వాళ్ళది కాదు, ఉన్న సూటు ఒకటే, కాళ్ళు పోయినవాళ్ళు ఊరినిండా ఉన్నారు.

గోడవార బల్ల మీద కనకం కూర్చుని ఉంది. కనకలక్ష్మి, అతని భార్య. ఆమె వైపు చూడలేదతను. నిన్న అన్నం తింటున్నప్పుడు ఆమెకి మాటిచ్చాడు. రేపు నడవలేకపోతే మగ్గం విప్పించి గుంట పూడ్పించెయ్, నేనింక అడ్డురాను, నడిచానంటే మాత్రం గుంట ఉంటుంది, మళ్ళీ ఆ ఊసెత్తకూడదు, అన్నాడు. సరే అంది. ఆ సరేలో ఏముందో అర్థం కాలేదు. మజ్జిగ పోసి లేచి వెళ్ళిపోయింది.

మగ్గం కింద కాళ్ళు పెట్టుకునే ఆ గుంట తాతది. తాత తవ్వాడు, నాన్న దిగాడు, పన్నెండో ఏట తను దిగాడు. దిగేముందు గట్టు తాకి కళ్ళకద్దుకోవడం, కాళ్ళు లోపలికి వేలాడేసి కూర్చోవడం, అరికాళ్ళకింద చెక్కలు, ఎండాకాలంలో గుంటలో ఆ చల్లదనం, బయట రోళ్ళు పగిలే ఎండ కాస్తుంటే కాళ్ళు మాత్రం బావిలో పెట్టుకున్నట్టు ఉండేది, ఆ చల్లదనం ఎలా ఉంటుందో ఇప్పుడు గుర్తు తెచ్చుకుందామంటే రావడంలేదు, చల్లగా ఉండేదన్న మాట గుర్తుంది, చలవ గుర్తులేదు. వాళ్ళ వంశంలో మగ్గం గుంట పూడ్చినరోజు ఇంట్లో పొయ్యి వెలిగించరు. పెదనాన్న ఇంట్లో పూడ్చినప్పుడు చూశాడు. కొడుకులిద్దరూ బట్టలకొట్లో గుమాస్తాలుగా చేరిపోయారు, ఇంక దిగేవాడు లేడని మట్టి బండి తోలించారు, ఆడవాళ్ళు ఏడ్చారు, మగవాళ్ళు తలస్నానాలు చేశారు, పెదనాన్న అరుగు మీదే కూర్చుండిపోయాడు. ఆ ఏడాది తిరక్కుండానే పోయాడు. ఆయనకి గుండెజబ్బు ముందునుంచీ ఉంది, ఆ సంగతి చౌడయ్యకీ తెలుసు, తెలిస్తే మాత్రం?

అసలు తనని పడేసింది ఆ గుంటే కదా అని కనకం ఒకసారి అంది. ఒక్కసారే అంది. ఆ శ్రావణం చివర్లో వాన, అదేం వాన, బుడమేరు పొంగి బెజవాడ సగం మునిగిన వాన, మంగళగిరిలో వీధులు కాలవలయ్యాయి, ఇంటి రేకు ఎక్కడో చిల్లుపడి సరిగ్గా మగ్గం మీదికే కారుతోంది, పడుగు మీద నిజాం అంచు చీర సగం నేసి ఉంది, గుంటలోకి నీళ్ళు ఊరుతున్నాయి. వద్దయ్యా, తడిస్తే తడిసింది, నీ కాళ్ళు పట్టుకుంటా ఎక్కొద్దు అని కనకం మొత్తుకుంది. నా కాళ్ళు పట్టుకుంటా అంది, ఆ మాటే అంది, ఎన్నిసార్లు తలుచుకున్నాడో ఆ మాట. చిల్లు మీద కప్పడానికి పట్టా భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కాడు. రేకు విరిగింది. కింద మగ్గం దూలం. దూలం మీద వీపు. ఆ తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు, ఒళ్ళంతా తడుస్తోంది, కాళ్ళు తడవడం లేదే అనుకున్నాడు, కాళ్ళమీద ఏదో కప్పారు కాబోలు అనుకున్నాడు. ఏమీ కప్పలేదు.

"అంకుల్, బ్యాటరీ ఫుల్. రెండు నిమిషాలు సిస్టమ్ చెక్ చేస్తాను," అన్నాడు జయకృష్ణ. ఇనప లాగు తుంటి దగ్గర సన్నగా కూసింది. ఈ కూత తన కూతురు శ్రీదుర్గ ఫోనులో బొమ్మల్లో కూత కాదు. అక్కడ యంత్రపు మనుషులు లేచేటప్పుడు ఎంత సంగీతం, ఎంత వెలుగు! మంచాన పడిన మొదటేడంతా కూతురు కాలేజీ నుంచి రాగానే అతని పక్కన పడుకుని ఫోను ఇద్దరి మొహాలకీ మధ్యన పెట్టేది. జపాను బొమ్మలు. సైబోర్గ్ అంటారు నాన్నా, సగం మనిషి, సగం మిషను. పెద్దపెద్ద కళ్ళ పిల్ల, భూకంపంలో ఒళ్ళు నుజ్జయిపోతే మెదడు ఒక్కటీ మిగిల్చి మిగతా అంతా ఇనుముతో చేశారట, మేడల మీంచి మేడల మీదికి దూకుతుంది, కార్లు ఎత్తి విసిరేస్తుంది. మొదట్లో నవ్వొచ్చేది. ఈ పిల్ల ఎప్పుడూ మూత్రం సంచీ మార్చుకోదేమే అన్నాడు ఓసారి, శ్రీదుర్గ నవ్వి నవ్వి, ఉన్నట్టుండి నవ్వు ఆపేసింది. తర్వాత్తర్వాత అతనికే ఆ పిల్ల మీద బెంగ పట్టుకుంది. ఇవాళ ఏమైందే మన యంత్రప్పిల్లకి అని తనే అడిగేవాడు. ఒక భాగంలో ఆ పిల్ల యుద్ధం ఏమీ చెయ్యదు, ఊరికే ఏటి ఒడ్డున కూర్చుని పాదాలు నీళ్ళల్లో పెడుతుంది, ఎంతోసేపు చూస్తుంది, అంతే. నీళ్ళు చల్లగా ఉన్నాయా ఆ పిల్లకి అని అడిగాడు. సెన్సర్లుంటాయి నాన్నా, చల్లగా ఉన్నాయని తెలుస్తుంది, అనిపించదు అంది శ్రీదుర్గ. తెలుస్తుంది, అనిపించదు. మొహం గోడ వైపు తిప్పుకుని నిద్రపోయినట్టు పడుకున్నాడు. కూతురు ఫోను కట్టేసి దుప్పటి లాగి అతని కాళ్ళకి కప్పింది, అదీ తెలిసిందంతే.

ఈ చోటు వెతికి పట్టుకున్నదీ శ్రీదుర్గే. నిజంగానే ఉన్నాయి నాన్నా, బొమ్మల్లో కాదు, మన విజయవాడలోనే ట్రయల్ చేస్తున్నారట అని ఎగురుకుంటూ వచ్చింది. ఆ సాయంత్రం ఒక బొమ్మ గీసింది. మగ్గం, మగ్గం వెనక మీసాలతో తను, నడుం దాకా మనిషే, గుంటలోకి వేలాడుతున్నవి మాత్రం ఇనప కాళ్ళు, బోల్టులూ వైర్లూ అన్నీ చక్కగా గీసి, చెక్కలు తొక్కుతున్నట్టు. ఆ బొమ్మ చూసినప్పటినుంచీ చౌడయ్య గుండెకాయ ఆ ఇనప కాళ్ళలోనే కొట్టుకుంటోంది. మొదటిరోజు జయకృష్ణ ఒక్కడే ఉన్నప్పుడు గొంతు తగ్గించి అడిగాడు, బాబూ, దీంతో గుంటలో కూర్చుని తొక్కొచ్చా? ఆ కుర్రాడు పాపం నవ్వలేదు. లేదు అంకుల్, ఇది చదునైన నేల మీద నడవడానికి, కుర్చీలో కూర్చుని లేవడానికి, అంతే. గుంటలో దిగితే ఎక్కడం దీనికి రాదు అన్నాడు. ఆ ముక్క చౌడయ్య ఇంట్లో చెప్పలేదు. కనకానికి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు. నడిస్తే గుంట ఉంటుంది అని మాట మాత్రం తీసుకున్నాడు. ఎందుకురా ఉండటం, ఎవడు దిగుతాడని? ఏమో. ఉండాలి, అంతే. అది ఉంటే తను ఇంకా మగ్గం మనిషే. అది పూడితే మంచం మనిషి.

"రెడీ అండీ. లేద్దామా?" సాయిశ్రీ నడుముకున్న పట్టీ పట్టుకుంది. ముందు నాలుగు కాళ్ళ స్టాండు, దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. మోటార్లు గుర్రుమన్నాయి. లేస్తున్నాడు. ఇదొక్కటి మాత్రం ప్రతిసారీ దేవుడు దిగొచ్చినట్టే ఉంటుంది, నేల కిందికి పోతుంది, బల్ల కిందికి పోతుంది, సాయిశ్రీ తల అతని భుజానికి వచ్చి ఆగుతుంది, కిటికీలో కాలవ అవతలి గట్టు కూడా కనపడుతుంది. రక్తం జరజరా కిందికి జారి కళ్ళు బైర్లు కమ్మాయి, తట్టుకున్నాడు. మనిషి ఎత్తు. ఇంతెత్తు ఉండేవాడు తను. ఇంతెత్తున ఉండి ఎప్పుడన్నా చుట్టూ చూశాడా? లేదు. పొద్దున లేచింది మొదలు గుంటలోనే.

"ఇప్పుడు మీరు నడుముతో చెప్పాలి అంకుల్. కుడివైపు ఒరిగి కొంచెం ముందుకి వంగండి. ఎడమకాలు అదే వేస్తుంది."

తెలుసు బాబూ, అంతా తెలుసు. నడుముతో చెప్పాలి. అక్కడే వచ్చింది చిక్కు. వెనకసారి డేనియల్ అనే కుర్రాడికి కట్టారు, గుణదల కుర్రాడు, పెళ్ళిళ్ళలో నడుముకి డోలు కట్టుకుని వాయించేవాడట, లారీ గుద్దింది. వాడు లేచీ లేవగానే బ్యాండు మేళంలో ఊగినట్టు ఊగాడు, ఇనప లాగు టకటకా నడిచింది, అందరూ చప్పట్లు. చౌడయ్య చప్పట్లు కొడుతూనే ఏడుపు మింగాడు. వాడి పని నడుం ఊపడం. తన పని నడుం ఊపకపోవడం. పన్నెండో ఏట గుంటలోకి దించిననాడు నాన్న తువ్వాలుతో అతని నడుముని వెనక గోడ మేకుకి కట్టేశాడు. నడుం ఊగితే గుడ్డ ఊగుద్దిరా. ఊగిన గుడ్డ ఎవడు కట్టుకుంటాడు? కాళ్ళు తొక్కాలి, చేతులు నాడె విసరాలి, నడుం మాత్రం బండరాయిలా ఉండాలి. కాస్త ఒరిగితే తువ్వాలు లాగేది, వెనకనించి నాన్న మొట్టికాయ. ఏడాదికి తువ్వాలు విప్పేశాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు, జ్వరమొచ్చినా, పెళ్ళయినా, కూతురు పుట్టినా, ఆ నడుం మగ్గం మీద కదల్లేదు. చౌడయ్య అంచు గీత గీసినట్టుంటుందని షావుకార్లు పేరు పెట్టి అడిగేవాళ్ళు. ఇప్పుడు ఈ పిల్లలొచ్చి ఆ నడుమునే ఊపమంటున్నారు. చేతులు ఊపమంటే ఊపుతాడు, తల ఊపమంటే ఊపుతాడు. నడుం ఊపుదామనేసరికి లోపల ఎక్కడో ఆ తువ్వాలు బిగుసుకుంటోంది. ఈ సంగతి ఎలా చెప్పడం వీళ్ళకి? చెప్తే నవ్వుతారు. నవ్వకపోతే ఇంకా అవమానం.

"ఇంకొంచెం. ఇంకొంచెం ఒరగాలి, పడరండీ, నేను పట్టుకున్నాగా." ఒరిగాననుకున్నాడు. జయకృష్ణ పలకలో గీత కదల్లేదు. మళ్ళీ. భుజాలు ఒరిగాయి, మెడ ఒరిగింది, నడుం నిటారుగా నిలబడింది. మళ్ళీ. చెమట కనుబొమల మీంచి కళ్ళలోకి కారింది, తుడుచుకోవాలంటే చెయ్యి వదలాలి. నాన్నా, విప్పు. ఆ తువ్వాలు విప్పేయ్ నాన్నా, నేనింక నేసేదేం లేదు. నాన్న విప్పలేదు. పోయినవాళ్ళు ఎక్కడ వింటారు.

"కొంచెం రెస్ట్ తీసుకుందామా?" సాయిశ్రీ గొంతులో జాలి పడింది. ఆ గొంతు అతనికి తెలుసు, ఆస్పత్రిలో పెద్ద డాక్టరు స్కాను చూసి ఇదే గొంతుతో మాట్లాడాడు. జయకృష్ణ గడియారం చూసుకోలేదుగాని చూసుకోకుండా ఉండటానికి అవస్థ పడుతున్నాడు. మంచి పిల్లలు. మొదటిరోజు ఆ కుర్రాడే ఒక వీడియో చూపించాడు, జపానులో ఆస్పత్రి ఆయాలు నడుముకి ఇలాంటి మిషనే కట్టుకుని ముసలాళ్ళని మంచం మీంచి ఎత్తుతున్నారు, ఎత్తేవాళ్ళ నడుములు పాడవకుండానట. చౌడయ్య నవ్వాడు. మనిషిని ఎత్తడానికి ఇంత హంగామానా బాబూ, మా ఇంట్లో మా ఆవిడ ఒక్కతే ఎత్తేస్తది, ఏ మిషనూ లేదు అన్నాడు. గొప్పగానే చెప్పాడు. నిజం కూడా. మంచం గుంటకి అవతల, గుమ్మం ఇవతల, మధ్యలో మగ్గం, మగ్గానికీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి పోవలసినంత సందు, చక్రాల కుర్చీ దూరదు. పొద్దున్నే కనకం వెనకనించి అతని చంకల్లో చేతులు పెట్టి, గుండెలకి ఆనించుకుని, గుంట గట్టు వెంబడి లాక్కుంటూ గుమ్మం దాకా తెచ్చి కుర్చీలో వేస్తుంది. సాయంత్రం అలాగే లోపలికి. లాగేటప్పుడు అతనికి ముందు కనపడేది గుంటే, గుంటలో ఆగిపోయిన చెక్కలు, వాటి మీద దుమ్ము. కనకం ఊపిరి మెడమీద తగులుతుంది. ఆమె మొహం కనపడదు. ఆమె ఎప్పుడూ వెనకే ఉంటుంది.

"ఒక్కసారి, ఇదే లాస్ట్ ట్రై, సరేనా?" అంది సాయిశ్రీ.

ఆ మాట విని కాబోలు కనకం బల్ల మీంచి లేవబోయింది. చౌడయ్య చూశాడు. చూడాలని చూడలేదు, ఎత్తు మీద ఉన్నాడు గనక ఎదురుగా కనపడింది. లేవబోయి ఆగింది. ఎడమచెయ్యి నడుం వెనక్కి పోయింది, కుడిచెయ్యి గోడ తడుముకుంది. సగం లేచి, అలాగే వంగి, పళ్ళ బిగువున కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చుకుంది. పెదాలు తెల్లబడ్డాయి. ఎవరన్నా చూశారేమోనని అటూ ఇటూ చూసింది, అతని వైపు మాత్రం చూడలేదు, అతను ఎప్పుడూ చూడడు గనక ఆ భయం లేదామెకి. మళ్ళీ ప్రయత్నించింది, మోకాలు తూలింది, గోడ మీద చెయ్యి జారింది.

"కనకం!" చౌడయ్య అటు వంగాడు. పట్టుకుందామని వంగాడు. కాళ్ళు లేవనీ, ఇనుముందనీ, పిల్లలు చూస్తున్నారనీ, నాన్న తువ్వాలుందనీ ఏదీ గుర్తులేదు, పెళ్ళాం పడిపోతోంది, మనిషన్నవాడు వంగడూ? నడుం ఒరిగింది, మొత్తం ఒరిగింది. గుర్రుమని ఎడమకాలు లేచి ముందు పడింది.

"పడింది! అడుగు పడింది! ఆపకండి, అటువైపు, ఇప్పుడు అటువైపు!" సాయిశ్రీ అరుస్తోంది. అతను ఆపడంలేదు, ఆమె దగ్గరికి పోతున్నాడు. ఒరిగాడు, కుడికాలు. ఒరిగాడు, ఎడమకాలు. పాదాల కింద నేల అనిపించలేదు, నేల ఉందని తెలుస్తోంది. జయకృష్ణ స్టాండుని ముందుకి జరుపుతూ పక్కనే వెనక్కి నడుస్తూ అంకుల్ సూపర్ అంకుల్, మీ పేరు కన్ఫర్మ్ అంకుల్ అంటున్నాడు. ఎవరి పేరు? కనకం గోడకి వీపు ఆనించుకుని నిలబడి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని, అతని కాళ్ళ వంక చూస్తోంది. అతను ఆమె నడినెత్తి చూస్తున్నాడు. పాపిట దగ్గర ఎంత తెలుపు! ఇంత చిన్నమనిషా కనకం? ఈ మనిషా తనని రోజూ మోసింది?

"ఎప్పట్నించే?" అన్నాడు.

"ఏది?"

"నడుం."

ఆమె చెంగు సర్దుకుంది, నడుం కనపడకుండా. "నీకెందుకయ్యా అవన్నీ, నడిచావు, చాలు. అమ్మాయికి ఫోన్ చేస్తానుండు."

"ఎప్పట్నించే కనకం?"

"నిరుడు వానలప్పట్నించి," అంది, చీర రంగు చెప్పినట్టు. "రాత్రిళ్ళు వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంటే సర్దుకుంటది. మాత్రలున్నాయి."

నిరుడు వానల్నుంచి. రోజుకి రెండుసార్లు, ఆ సందులోంచి, ఆ గట్టు వెంబడి. మగ్గం విప్పితే కుర్చీ మంచం దాకా వచ్చేది. ఒక్కసారి అడిగింది, రెండుసార్లు అడిగింది, తర్వాత అడగడం మానేసింది. నడుం మీద చెయ్యి పెట్టుకుని ఇవాళ ఇక్కడికొచ్చి కూర్చుంది, అతను నడవాలని. నడిస్తే గుంట ఉంటుంది, గుంట ఉంటే మోత ఉంటుంది. అది తెలిసే సరే అందా నిన్న? తెలిసే ఆ బల్ల మీద కూర్చుందా ఇందాకటినుంచీ? చౌడయ్యకి సిగ్గేసింది. మంచాన పడ్డందుకు, సంచీలో మూత్రం పోస్తున్నందుకు, పరాయి పిల్ల ఒళ్ళో కాలు పెట్టినందుకు పడ్డ సిగ్గులన్నీ కలిపినా ఇంత లేదు.

"ఇంటికెళ్ళగానే మగ్గం విప్పించు," అన్నాడు. "మట్టి తోలించు. రేపే పూడ్చేద్దాం."

"నడిచావు గదయ్యా," అంది కనకం తెల్లబోయి. "నడిస్తే ఉండాలన్నావు."

"ఈ లాగు గుంటలో దిగదు కనకం. నాకు మొదటిరోజే తెలుసు. నీకు చెప్పలేదు."

అతను రేకు మీంచి పడ్డ రోజు ఏడవని మనిషి, డాక్టరు చెప్పిన రోజు ఏడవని మనిషి, అక్కడ అందరి ముందూ గోడకి ఆనుకుని ఏడ్చింది. సంతోషానికి కాదు. మొహంలో కోపం ఉంది, ఎక్కడెక్కడి కోపమో అంతా ఉంది, "ఇప్పుడా అయ్యా చెప్పేది, ఇప్పుడా," అంటూ చెంగు నోట్లో కుక్కుకుంది. చౌడయ్య చెయ్యి చాచబోయాడు, స్టాండు వదిలితే పడతాడు, వదల్లేకపోయాడు.

"చాలండీ ఇవాళ్టికి, బీపీ పెరుగుతుంది, కుర్చీ తెస్తున్నా," అంది సాయిశ్రీ మెల్లగా.

"ఒక్కటే తల్లీ," అన్నాడు చౌడయ్య. కనకం ఇంకా అడుగు దూరంలో ఉంది. అతను కుడివైపు ఒరిగాడు.